లిస్టులో 63 వస్తువులు, పేరు మాత్రం ఒక్కటీ లేదు

పొద్దుతిరుగుడు
నాకు 32వ వారం నడుస్తోంది. మొదటి కాన్పు. పుట్టబోయే బిడ్డకి "తప్పనిసరి" అంటూ మా ఆడపడుచు ఒక లిస్టు పంపింది. లెక్కపెడితే 63 ఉన్నాయి. అందులో తడిగుడ్డల్ని వెచ్చబెట్టే మిషన్ ఒకటి. పాలసీసాలు ఆరబెట్టే చెట్టు ఒకటి (నిజంగానే చెట్టు ఆకారంలో ఉంది). బూట్లు మూడు జతలు. నడవలేని వాళ్ళకి బూట్లెందుకని అడిగితే "ఫోటోలకి" అంది.

ఇదంతా ఒక ఎత్తు, పేరు ఒక్కటీ ఒక ఎత్తు. మా ఆయన రెండక్షరాలు దాటకూడదంటారు. మా అత్తగారు ఆవిడ అత్తగారి పేరు పెట్టాలంటారు, అది ఆరక్షరాలు. మా అమ్మ ఏమీ అనదు. ఏ పేరు చెప్పినా "బాగానే ఉంది" అంటుంది. ఆ "బాగానే"లో ఏముందో కూతుళ్ళకి తెలుస్తుంది. నాకేమో ఏ పేరు తలుచుకున్నా ఆ పేరున్న, నాకు పడని మనిషి ఒకరు గుర్తొస్తారు. పాపో బాబో తెలీదు కాబట్టి గొడవ రెండింతలు.

మొదటి నెలకి నిజంగా ఏం కావాలి? పేరు మీరంతా ఎలా తేల్చుకున్నారు? టెన్షన్‌తో రాత్రి మూడింటికి లేచి కూర్చుని రాస్తున్నా.

రెండు_కోతుల_తల్లి
మూడింటికి మెలకువ అలవాటవుతోందన్నమాట. మంచిదే, పనికొస్తుంది.

ఆవులింత
ఇలాంటి లిస్టే పట్టుకుని నేను 50 దాకా కొన్నాను. వాడింది పన్నెండో పదమూడో. ఆ వెచ్చబెట్టే మిషన్‌కి అట్టపెట్టె కూడా విప్పలేదు. మా పాపకి ఇప్పుడు తొమ్మిది వారాలు. పేరు సంగతి తర్వాత రాస్తా, లేచింది

డ్యూటీ_నర్సు
ప్రసూతి వార్డులో పదకొండేళ్ళుగా పనిచేస్తున్నా. పెద్ద సూట్‌కేసుతో వస్తారు, తెరిచి చూస్తే బిడ్డకి తొడగడానికి వీలైన చొక్కా ఒక్కటి ఉండదు. అన్నీ లేసులు, పూసలు, తల మీంచి దూర్చేవి. అప్పుడే పుట్టిన బిడ్డకి మెడ నిలవదు, తల మీంచి తొడగాలంటే మనకి చెమటలు పడతాయి. ముందువైపు తెరుచుకునే నూలు చొక్కాలు ఆరేడు చాలు, ముడి వేసేవైనా ప్రెస్ బటన్లవైనా. కొత్తవాటిని ఒకసారి ఉతికి ఆరేసి దాచండి.

డైపర్లు మొదట్లో రోజుకి 10 దాకా అవుతాయి, కొన్ని రోజులు 12 కూడా. అయినా అన్నిటికన్నా చిన్న సైజు ఒకటి రెండు ప్యాకెట్లే కొనండి. ప్యాకెట్ మీద నెలలు చూడొద్దు, కిలోలు చూడండి.

పడక విషయంలో మాత్రం నేను రాజీపడను. గట్టిగా, చదునుగా ఉండే పరుపు, దాని మీద బిగుతుగా అమరే పక్కగుడ్డ, అంతే. దిండు వద్దు, బొంత వద్దు, బొమ్మలు వద్దు. తొట్టి చుట్టూ కట్టే మెత్తలు అసలే వద్దు. చూడ్డానికి ముద్దుగానే ఉంటాయి, కానీ మొహానికి అడ్డం పడితే తప్పించుకునే బలం ఆ వయసులో ఉండదు. అమెరికాలో 2022లో చట్టం చేసి మరీ వాటి అమ్మకం ఆపేశారు.

ఇంకొకటి, డిజిటల్ థర్మామీటర్. మూడు నెలల లోపు బిడ్డకి 38 డిగ్రీల సెల్సియస్ (ఫారన్‌హీట్‌లో 100.4) తాకిందంటే ఇంట్లో మందు వేసి చూద్దాం అనుకోకూడదు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. మీ 63లో అది ఉందా?

పొద్దుతిరుగుడు
లేదు!! బూట్లున్నాయి, థర్మామీటర్ లేదు.

లెక్కల_టీచర్
డైపర్ల గురించి నర్సుగారు చెప్పింది నేను ముందే చదివుంటే బాగుండేది. రోజుకి 10 అంటే నెలకి 300 అని లెక్క వేసి, చిన్న సైజువి 300 తెచ్చిపెట్టా. మావాడు 4 కిలోల 100 గ్రాములతో పుట్టాడు. పన్నెండో రోజుకే తొడల దగ్గర ఎర్రగా గీతలు పడ్డాయి. 180 మిగిలాయి. నా లెక్క తప్పలేదు, వాడే తప్పు సైజులో వచ్చాడు.

చలిచీమ
"తర్వాత కొనుక్కోవచ్చు" అని అందరూ తేలిగ్గా అనేస్తున్నారు. మా బాబు 34 వారాలకే వచ్చేశాడు. ఇంకా టైముందిలే అనుకున్నాం, ఇంట్లో ఒక్క గుడ్డ లేదు. మా ఆయన్ని కొట్టుకి పంపితే ఆ కంగారులో 12 కిలోల పిల్లల ప్యాంటు డైపర్లు తెచ్చారు. బాబు 2 కిలోలు. ఒక కాలి కన్నంలోంచే మొత్తం మనిషి జారిపోతాడు. అక్కా, తక్కువే కొను, కానీ 35వ వారానికల్లా ఒక సంచి సర్ది తలుపు దగ్గర పెట్టుకో.

కాబోయే_నాన్న
ఆయన్ని ఏమీ అనకండి, కొట్లో నిలబడితే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. మాకు 28వ వారం. నాకు అప్పగించిన పని ఈ సంచి ఒక్కటే. ఏమేం సర్దాలి?

డ్యూటీ_నర్సు
బిడ్డకి మూడు జతలు, ఒక టోపీ, చుట్టే మెత్తని గుడ్డలు మూడు, డైపర్లు. మిగతా సంచి అంతా తల్లిది.

ఆవులింత
"మిగతా సంచి అంతా తల్లిది." ఈ మాటని ఫ్రేము కట్టించి గోడకి తగిలించాలి.

పడుకుంది, రాస్తున్నా. పొద్దుతిరుగుడు, నీ లిస్టు మళ్ళీ చూడు. 63లో నీకోసం ఒక్కటైనా ఉందా? నా దాంట్లో లేదు. కాన్పు తర్వాత రక్తస్రావం నాలుగు నుంచి ఆరు వారాలు ఉండొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు, నెలసరిలాగా నాలుగైదు రోజుల్లో ఆగిపోతుందనుకున్నా. పెద్ద సైజు ప్యాడ్లు ముందే కొని పెట్టుకో, మామూలువి సరిపోవు. గంటకో ప్యాడు తడిసిపోతుంటే అది మామూలు కాదు, డాక్టర్‌కి చెప్పాలి. ముందు తెరుచుకునే నైటీలు నాలుగు. ఒంటి చేత్తో తెరవగలిగే నీళ్ళ సీసా. పొడవాటి చార్జర్ వైరు. నవ్వకండి, పాలిస్తూ కూర్చుంటే ప్లగ్గు ఎప్పుడూ గదికి అవతలి మూలనే ఉంటుంది.

పాలు రోజుకి 8 నుంచి 12 సార్లు, ఒక్కోసారి అరగంటకి పైనే. లెక్కల_టీచర్ గారూ, గుణించి చెప్పండి నా బతుకు.

లెక్కల_టీచర్
పది సార్లు, అరగంట చొప్పున, అయిదు గంటలు. ఉద్యోగం కింద రాయొచ్చు.

వెన్నెల88
పైగా సెలవు లేని ఉద్యోగం అని కూడా రాయండి.

బ్రెస్ట్ పంపు ముందే కొనాలా? మా అక్క కొనమంటోంది.

రెండు_కోతుల_తల్లి
పెద్దవాడికి ముందే కొన్నా, వాడే అవసరం రాలేదు. చిన్నవాడికి కొనలేదు, మూడో రోజే కావాల్సొచ్చింది. నా సలహాకి విలువ ఎంతో అర్థమైందిగా.

డ్యూటీ_నర్సు
@వెన్నెల88 ఉద్యోగానికి త్వరగా వెళ్ళేవాళ్ళూ, బిడ్డకి పట్టడం కుదరనివాళ్ళూ కొనుక్కుంటారు. మిగతావాళ్ళు పాలు పడ్డాక చూసుకోవచ్చు. పిండిన పాలు మామూలు గది వేడిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు ఉంటాయి. సీసా మీద తేదీ, టైము రాసుకోవాలి, "నిన్నటివా మొన్నటివా" అని వాసన చూసి తేల్చే పని కాదది.

పాలు సరిపోతున్నాయా అన్నది అందరూ అడిగే ప్రశ్న, దానికి ఏ మిషనూ అక్కర్లేదు. తడిసిన డైపర్లు లెక్కపెట్టండి. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా పెరిగి అయిదో రోజు దాటాక రోజుకి ఆరు, అంతకన్నా ఎక్కువ ఉండాలి. మొదటి వారంలో బరువు కొంచెం తగ్గుతుంది, పుట్టిన బరువులో నూటికి 7 వంతుల దాకా తగ్గడం మామూలే. రెండు వారాలు తిరిగేసరికి మళ్ళీ పుట్టిన బరువుకి రావాలి. తగ్గింది 10 వంతులు దాటితే మేం గట్టిగా పట్టించుకుంటాం.

అమ్మమ్మ_ఆన్‌లైన్
నలుగుర్ని కన్నాను, ఆరుగురు మనవలు. థర్మామీటరూ లేదు, లెక్కలూ లేవు. మెత్తటి దిండు వేసి బోర్లా పడుకోబెడితే హాయిగా నిద్రపోయేవాళ్ళు. వెల్లకిలా పడుకోబెడితే ఉలిక్కిపడి లేస్తారు, తల వెనకాల చదునైపోతుంది. ఏమీ కాలేదు మా పిల్లలకి. ఇప్పటి వాళ్ళకి అన్నిటికీ భయమే.

డ్యూటీ_నర్సు
అమ్మమ్మగారూ, ఏమన్నా అయినవాళ్ళు ఇక్కడికొచ్చి రాయరు కదండీ.

అమెరికాలో 1994లో పిల్లల్ని వెల్లకిలానే పడుకోబెట్టండని పెద్ద ప్రచారం మొదలుపెట్టారు. తర్వాతి పదేళ్ళలో నిద్రలో ఉన్నట్టుండి పోయే పసిపిల్లల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. కొత్త మందూ మాకూ ఏమీ రాలేదు, పడుకోబెట్టే తీరు మారింది, అంతే. తల సంగతి మీరన్నది నిజమే. దానికి మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కన ఉండి, రోజులో కొన్నిసార్లు కాసేపు బోర్లా వేస్తే మెడకీ మంచిది, తలకీ మంచిది.

అమ్మమ్మ_ఆన్‌లైన్
మాట గట్టిగానే తగిలింది. సరే, వెల్లకిలా. నా కోడలు కూడా ఇదే అంటే వినలేదు, ఇవాళ ఫోన్ చేస్తా.

కానీ పాత నూలు గుడ్డల విషయంలో నా మాట వెనక్కి తీసుకోను. ఉతికి ఉతికి మెత్తబడ్డ గుడ్డకి మించింది ఏ కొట్లోనూ దొరకదు.

రెండు_కోతుల_తల్లి
దానికి ఎవరూ ఎదురు చెప్పరండీ. భుజం మీద వేసుకోవడానికి, పాలు కక్కితే తుడవడానికి, కింద పరచడానికి అదే గుడ్డ. నేను మా ఇంట్లో పాత దుప్పటి చింపి ఇరవై ముక్కలు చేసుకున్నా. 63 వస్తువుల్లో ముప్పై పనులు అవే చేశాయి.

చలిచీమ
బిడ్డని చుట్టడం ఎవరైనా నేర్పండి బాబూ. నేను చుడితే అయిదు నిమిషాల్లో చేతులు బయట. నర్సమ్మ చుడితే పొట్లం కట్టినట్టు.

డ్యూటీ_నర్సు
చేతుల దగ్గర కొంచెం బిగువుగా, నడుం కింద వదులుగా. కాళ్ళు చాపి కట్టెలా కట్టేయొద్దు, తుంటి కీళ్ళు దెబ్బతింటాయి. మోకాళ్ళు మడిచి కప్పకాళ్ళలా పెట్టుకునే చోటుండాలి. బోర్లా పడడానికి ప్రయత్నం మొదలుపెట్టిన రోజే చుట్టడం మానెయ్యాలి. మిగతాది చేతివాటం, ముప్పై బొమ్మల మీద ప్రాక్టీసు చేసి నేర్చుకున్నాం మేం.

కాబోయే_నాన్న
మా స్నేహితుడు కార్లో పెట్టే బేబీ సీటు ఇస్తానంటున్నాడు. పాతది తీసుకోవచ్చా?

గడుగ్గాయి
ఆ కారు ఎప్పుడైనా గట్టిగా గుద్దుకుందా అని మొహమాటం లేకుండా అడుగు. గుద్దుకుంటే వద్దు, పైకి పగుళ్ళు కనబడకపోయినా సరే. సీటు కింద ఎప్పటిదాకా వాడొచ్చో తేదీ వేసి ఉంటుంది, అదీ చూడు. వెనక సీట్లో, బిడ్డ మొహం కారు వెనక్కి ఉండేలా బిగించాలి. లావు స్వెట్టర్ తొడిగి బెల్టు పెట్టొద్దు, బిగువు తెలీదు. బెల్టు పెట్టాక పైన కప్పు.

చొక్కాలు, స్నానం టబ్బు లాంటివి పాతవి ఎన్నైనా తీసుకో. వాళ్ళింట్లో చోటు ఖాళీ చేసినందుకు వాళ్ళే థాంక్స్ చెబుతారు.

వెన్నెల88
తొట్టి మీద తిరుగుతూ పాటలు పాడే బొమ్మలు? అవి కొనాలని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ.

ఆవులింత
నీకోసం కొనుక్కో. మొదట్లో బిడ్డకి 20–30 సెంటీమీటర్ల దాకానే కాస్త తేటగా కనిపిస్తుంది, అంటే పాలు తాగేటప్పుడు నీ మొహం ఉండేంత దూరం. మా పాప ఆ బొమ్మల వైపు కన్నెత్తి చూడలేదు, మా ఆయన నల్ల గీతల చొక్కా వేసుకుంటే మాత్రం రెప్ప వెయ్యదు.

పొద్దుతిరుగుడు
లిస్టు ఇప్పుడు 19కి దిగింది. నా సామాను కలిపి 25. ఆడపడుచుకి ఇంకా చెప్పలేదు.

పేరు దగ్గర ఎవరూ నోరు మెదపడం లేదేమిటి?

తాతగారి_కళ్ళజోడు
పేర్ల దగ్గరికి వచ్చేదాకా ఆగాను. నలభై ఏళ్ళు తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. ఇంటర్నెట్‌లో పేరు పక్కన రాసే అర్థాలు నమ్మకండి. మా పక్కింటివాళ్ళు పాపకి తృష అని పెట్టి "కోరుకున్నది" అని అర్థం చెప్పుకుంటున్నారు. తృష అంటే మొదటి అర్థం దాహం. అనామిక అంటే ఉంగరపు వేలు, విడదీస్తే పేరు లేనిది. అపర్ణ అంటే ఆకు లేనిది, తపస్సులో ఆకులు కూడా ముట్టలేదు కాబట్టి పార్వతికి ఆ పేరు. ఇవన్నీ చక్కటి పేర్లే, పెట్టొద్దనను. తెలిసి పెట్టండి అంటాను. నిఘంటువు ఒకసారి తిరగెయ్యండి, అయిదు నిమిషాల పని.

గడుగ్గాయి
పేరు లేనిది అనే పేరు. పొద్దుతిరుగుడు అక్కా, నీ సమస్య తీరిపోయింది. అనామిక ఖాయం చెయ్.

రెండు_కోతుల_తల్లి
యామిని, రజని, విభావరి, నిశ. ఎంత బాగుంటాయో కదా అనుకుని మా చెల్లి లిస్టు రాసుకుంది. నాలుగింటికీ అర్థం రాత్రే. యామిని ఖాయం చేశారు. పిల్ల పేరు నిలబెట్టింది, ఏడాది దాకా రాత్రంతా మేలుకునే ఉంది.

లెక్కల_టీచర్
హాజరు పట్టీ చదివే మనిషిగా నా గోడు వినండి. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూడకుండా పేరు పెట్టకండి. మనం "త"కి టీ పక్కన హెచ్ పెడతాం, హిందీవాళ్ళు ఒట్టి టీ రాస్తారు. మన లతని వాళ్ళు "లథ" అని చదువుతారు, వాళ్ళు రాసిన లతని మనం "లట" అని చదువుతాం. కళ అని ముచ్చటగా పెట్టుకున్న పేరు రికార్డుల్లో "కల" అయి కూర్చుంటుంది, ఎందుకంటే ఇంగ్లీషులో "ళ" లేదు. వీణకి "ణ" పోయి వీనా. జ్ఞ ఉన్న పేరుకైతే జీ ఎన్ అని ఒకరు, జే ఎన్ అని ఒకరు, జీ వై అని ఇంకొకరు. నా క్లాసులో శ్రీజలు ముగ్గురు, ముగ్గురివీ మూడు స్పెల్లింగులు. స్పెల్లింగ్ ఒక్కసారి తేల్చుకుని పుట్టినప్పటి కాగితంలో, తర్వాతి అన్నిట్లో అదే రాయించండి. ఒక్క అక్షరం తేడాకి ఎన్ని ఆఫీసులు తిరగాలో పడ్డవాళ్ళకి తెలుసు.

చలిచీమ
పడ్డాను. నా పేరులో ఒక "ఏ" ఎక్కువ. పెళ్ళికన్నా ఆ ఒక్క అక్షరం తీయించడానికే ఎక్కువ సంతకాలు పెట్టా.

వెన్నెల88
మాకు వేరే బెంగ. ఇప్పుడు నచ్చిన పేరు అందరికీ నచ్చేస్తోంది. మా అపార్టుమెంట్‌లోనే విహాన్‌లు ముగ్గురు.

లెక్కల_టీచర్
అదెప్పుడూ ఉండేదే. అమెరికాలో 1970 నుంచి 1984 దాకా పదిహేనేళ్ళు వరసగా ఆడపిల్లల పేర్లలో మొదటిది జెన్నిఫర్. ఆ పదిహేనేళ్ళ టీచర్ల గురించి ఆలోచించండి. ఏం ఫర్వాలేదు, పిల్లలే పొట్టి విహాన్, పొడుగు విహాన్ అని సర్దుకుంటారు.

కాబోయే_నాన్న
ఐస్‌లాండ్‌లో 1991 నుంచి పేర్లకి ఒక కమిటీయే ఉంది. కొత్త పేరు వాళ్ళ భాషలో విభక్తులకి ఒదుగుతుందో లేదో చూసి ఒప్పుకుంటారు. న్యూజిలాండ్‌లో కింగ్, ప్రిన్స్ లాంటి బిరుదులు పేరుగా పెడితే తిప్పి పంపుతారు, పొడవుకీ హద్దుంది, 70 అక్షరాలు.

పొద్దుతిరుగుడు
మా ఇంట్లోనూ కమిటీ ఉంది. అందరూ అధ్యక్షులే.

తాతగారి_కళ్ళజోడు
ఐస్‌లాండువాళ్ళ పరీక్ష మనకీ పనికొస్తుందమ్మా. పేరుకి "ని, కి, తో" చేర్చి పలికి చూడండి, నాలుక తిరుగుతుందో లేదో. తర్వాత చివర "గాడు" చేర్చి చూడండి. బడిలో పిల్లలు ఎలాగూ చేరుస్తారు.

రెండు_కోతుల_తల్లి
ఇంకో పరీక్ష. గుమ్మంలో నిలబడి, కోపంగా, పదిసార్లు గట్టిగా అరిచి చూడు. పేరు వాడేది ఎక్కువగా అలాగే. మా పెద్దవాడి పేరులో ఒత్తులు మూడు, రెండో కేకకే ఆయాసం వస్తుంది. చిన్నవాడికి తెలివి తెచ్చుకుని తేలికది పెట్టాం.

ఆవులింత
మాది చాలా సింపుల్‌గా తేలింది. చెరొక పది పేర్లు రాసుకున్నాం, ఒకరి కాగితంలో ఒకరు నచ్చనివి కొట్టేశాం, కారణం అడక్కూడదని షరతు. రెండు మిగిలాయి. పాప మొహం చూశాక ఒకటి సరిపోలేదు. ఇంట్లోవాళ్ళకి ముందు చెప్పలేదు. పుట్టకముందు చెబితే అది ప్రతిపాదన, పుట్టాక చెబితే అది పేరు.

అమ్మమ్మ_ఆన్‌లైన్
పొద్దుతిరుగుడు, మీ అత్తగారు చెబుతున్న పేరేమిటో చెప్పనేలేదు నువ్వు. అన్ని అక్షరాలని తిడుతున్నావు గానీ.

పొద్దుతిరుగుడు
అలమేలుమంగ.

గడుగ్గాయి
అ, ల, మే, లు, మం, గ. నిజంగానే ఆరు.

వెన్నెల88
పాత పేరే కానీ బాగుంది కదా? ఇప్పుడు ఎవరికీ లేదు. అపార్టుమెంట్‌లో ముగ్గురు ఉండరని గ్యారంటీ.

తాతగారి_కళ్ళజోడు
అక్షరాలు లెక్కపెట్టారు గానీ చదవలేదు మీరు. మొదటి రెండూ చదవండి. అల. కెరటం. మీ ఆయనకి రెండక్షరాలు, మీ అత్తగారికి ఆరు, ఒకే పేరులో.

అసలు మాట "అలర్ మేల్ మంగై", పువ్వు మీద కొలువున్న మగువ అని అరవంలో. మన తెలుగులోనూ అలరు అంటే పువ్వే. అంచేత మొదట్లో ఉన్నది కెరటం కాదు, సగం పువ్వు. పిలుపుకి కెరటం అనుకున్నా తప్పులేదు.

లెక్కల_టీచర్
బాగుంది కానీ ఇంగ్లీషులో రాస్తే "అలా" అని చదువుతారని ముందే హెచ్చరిస్తున్నా.

రెండు_కోతుల_తల్లి
"అలా, ఇలా రా!" నేను చాలాసేపు నవ్వాను, క్షమించు.

కాబోయే_నాన్న
అబ్బాయి పుడితే?

గడుగ్గాయి
అప్పుడు ఇంకో చర్చ.

పొద్దుతిరుగుడు
ఏడు వారాలయింది ఇటు వచ్చి. పాప. 36 వారాల 2 రోజులకి, 2 కిలోల 400 గ్రాములు. చలిచీమ, నీ మాట విని సంచి సర్ది ఉంచబట్టి బతికిపోయాం. నెలలు నిండాక వస్తుందని కొన్న చొక్కాలు దానికి గౌన్లలా ఉన్నాయి, చేతులు మడిచి మడిచి తొడుగుతున్నాం. బొడ్డు తాడు పన్నెండో రోజు ఊడింది, అప్పటిదాకా డైపర్ పైభాగం కిందికి మడిచి పెట్టమన్నారు, తడి తగలకుండా. పదో రోజు దాకా పుట్టిన బరువుకి రాలేదు, ఏడుపొచ్చేసింది. నర్సుగారు చెప్పిన డైపర్ల లెక్క కాగితం మీద రాసుకుంటూ కూర్చున్నా. పద్నాలుగో రోజుకి 2 కిలోల 450. ఆ కాగితం దాచుకున్నా.

పెద్ద సైజు ప్యాడ్లు, పొడవాటి వైరు. ఆవులింతా, నీకు దణ్ణం.

చేతికి కట్టిన పట్టీ మీద "ఫలానా వారి బేబీ" అనే ఉంది, పేరు లేదు కదా. ఇంట్లో అందరూ "పొట్లం" అనడం మొదలుపెట్టారు. పొట్లం లేచిందా, పొట్లం తాగిందా. ఇక ఇదే స్థిరపడిపోతుందని భయమేసి ఓ రాత్రి మా ఆయనకి ఈ చర్చ అంతా చదివి వినిపించా. ఆయన పాపని చూసి ఒకసారి "అల" అన్నారు. మళ్ళీ అన్నారు. మర్నాడు అత్తగారికి చెబితే మొదట ఒప్పుకోలేదు, వాళ్ళ అత్తగారి పేరుని తుంచేసినట్టుందన్నారు. కాగితంలో పూర్తి పేరే ఉంటుందని చూపించాక కాసేపు ఊరుకుని, వాళ్ళ మామగారు కూడా ఆవిడని అలాగే సగం పేరుతో పిలిచేవారని చెప్పారు. "మంగా" అనట. ఆ సంగతి మా ఆయనకే తెలీదు.

మా అమ్మకి ఫోన్‌లో చెప్పా. "బాగుంది" అంది. "బాగానే" అనలేదు.

తాతగారి_కళ్ళజోడు
స్పెల్లింగ్ ఏం రాయించారు?

పొద్దుతిరుగుడు
దాని మీద గొడవ నడుస్తోంది మాస్టారూ.

ఇంకో మాట. గిఫ్టుల్లో తడిగుడ్డలు వెచ్చబెట్టే మిషన్లు రెండు వచ్చాయి. ఎవరికైనా కావాలా?

ఆవులింత
నాది ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. మూడు.

రెండు_కోతుల_తల్లి
నాలుగు.